సీసా మీద ఉండే ఆ ఒక్క లైన్ వెనక ఇంత గొడవ జరిగిందా? | లాంగ్దోక్ వైన్ రూల్స్ కథ

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఇది తాగమని చెప్పే వీడియో కాదు. మద్యం ఆరోగ్యానికి హానికరం, మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండనివాళ్ళు కొనకూడదు. ఈ ఎపిసోడ్‌లో ఏ వైన్ బాగుంటుంది, దేంతో తినాలి లాంటివి ఏమీ ఉండవు. రైతు పండించిన పంటకి పేరు ఎవరు పెడతారు, ఆ పేరుని ఎవరు కాపాడతారు అనేదే ఈరోజు టాపిక్.

ఇది ఎక్కడ మొదలైందంటే, మా అబ్బ దగ్గర. మా వైపు తాతని అబ్బ అంటాం. పాణ్యం దగ్గర మాకు చిన్న మామిడి తోట ఉంది, అన్నీ బనగానపల్లి చెట్లే. పోయిన ఎండాకాలం ఆయన్ని బండి మీద కూర్చోబెట్టుకుని హైవే మీద వస్తుంటే, ఒక బండి దగ్గర "ఒరిజినల్ బనగానపల్లి" అని బోర్డు కనబడింది. ఆగి చూశాం. కాయ చూడగానే ఆయన నవ్వాడు. "ఇది మనది కాదు కదా అబ్బా, మరి బోర్డు అట్లా ఎట్లా పెడతారు?" అని అడిగాను. ఆయన అన్నాడు, "బోర్డు మీద రాసేకి ఏముందిరా, సున్నం ఉంటే సాలు."

ఆ మాట బుర్రలో ఉండిపోయింది. ఇంటికొచ్చి జీఐ ట్యాగ్ అంటే ఏంటని వెతకడం మొదలుపెట్టాను. ఒక లింక్ నుంచి ఇంకో లింక్‌కి వెళ్తూ, రాత్రి రెండింటికి దక్షిణ ఫ్రాన్స్‌లో తేలాను. ఎందుకంటే "ఊరి పేరు రైతు ఆస్తి" అనే ఆలోచనకి చట్టం రూపం ఇచ్చిన దేశాల్లో ఫ్రాన్స్ ముందు వరసలో ఉంటుంది. అక్కడ ఆ చట్టాల వెనక ఒక పెద్ద రైతు ఉద్యమమే ఉంది. పదండి, చూద్దాం.

లాంగ్దోక్ ఎక్కడుంది?

మ్యాప్‌లో ఫ్రాన్స్ దక్షిణం వైపు మధ్యధరా సముద్రం తీరం చూడండి. తూర్పున నీమ్ అనే ఊరు, మధ్యలో మోంపెలియే, బెజియే, నార్బోన్. ఇంకా కిందికి వెళ్తే స్పెయిన్ సరిహద్దు. ఈ ప్రాంతమే లాంగ్దోక్. ఎండ బాగా ఉంటుంది, వాన తక్కువ, గాలి గట్టిగా కొడుతుంది. రాళ్ళ నేల. చదువుతుంటే మా సీమే గుర్తొచ్చింది. అలాంటి నేలలో వేరే పంటలు కష్టం. ద్రాక్ష, ఆలివ్ మాత్రం తట్టుకుంటాయి.

19వ శతాబ్దం మధ్యలో రైలు వచ్చింది. ఉత్తరాన ఫ్యాక్టరీల్లో పనిచేసే కూలీలకి చవక వైన్ కావాలి. ఇక్కడ ఎండకి ద్రాక్ష విరగ కాస్తుంది. ఇంకేముంది, మైదానమంతా ద్రాక్ష తోటలే. క్వాలిటీ ఎవరూ అడగలేదు, లీటర్లే లెక్క.

తర్వాత బగ్ వచ్చింది. మన సాఫ్ట్‌వేర్ బగ్ కాదు, నిజమైన పురుగే. పేరు ఫిలాక్సెరా. అమెరికా నుంచి వచ్చిన మొక్కలతో పాటు వచ్చి, 1860లలో ఈ చుట్టుపక్కలే మొదట కనబడింది. వేళ్ళని తినేస్తుంది. ఎకరాలకి ఎకరాలు ఎండిపోయాయి. 1868లో మోంపెలియేకి చెందిన ప్లాంషోన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటి వాళ్ళు వేళ్ళు తవ్వి చూసి దాన్ని కనిపెట్టారు. చివరికి దొరికిన పరిష్కారం మామిడి రైతులకి బాగా తెలిసిందే: అంటు కట్టడం. పురుగుని తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రాన్స్ కొమ్మ అంటుకట్టారు. ఇప్పటికీ అక్కడ ఎక్కువ తోటలు అలాగే ఉన్నాయి.

కానీ ఆ మధ్య కాలంలో ఏమైంది? తోటలు పోయాయి, గిరాకీ మాత్రం తగ్గలేదు. దాంతో కల్తీ మొదలైంది. ఎండు ద్రాక్ష నానబెట్టి వైన్ చేశారు. రసం పిండేసిన పిప్పిలో చక్కెర నీళ్ళు పోసి మళ్ళీ పులియబెట్టారు. అల్జీరియా నుంచి కూడా వైన్ దిగింది. రైతు అప్పులు చేసి కొత్త తోట వేసుకుని పంట చేతికొచ్చేసరికి మార్కెట్ నిండిపోయి ఉంది. 1900 తర్వాత ధర కుప్పకూలింది. నిజం చెప్పాలంటే కల్తీ ఒక్కటే కారణం కాదు, పంట కూడా అవసరానికి మించి పండింది. కానీ రైతు కంటికి కనబడింది మాత్రం ఆ చక్కెర బస్తాలే.

1907: ఊరు ఊరంతా రోడ్డు మీదకి

నార్బోన్ దగ్గర ఆర్జెలియే అని ఒక చిన్న పల్లె. అక్కడ మార్సెలాన్ అల్బేర్ అనే ఆయన ఉండేవాడు. చిన్న కాఫీ హోటల్, కొంచెం ద్రాక్ష తోట. 1907 మార్చి 11న 87 మంది రైతులు ఆయన వెంట నార్బోన్‌కి నడిచారు. అక్కడికి పార్లమెంటు నుంచి ఒక కమిటీ వచ్చింది, దానికి తమ బాధ చెప్పుకోవాలని. 87 మంది, అంతే.

తర్వాత ప్రతి ఆదివారం ఒక్కో ఊళ్ళో సభ. వారం వారం జనం పెరిగారు. జూన్ 9న మోంపెలియేలో జరిగిన సభకి వచ్చింది కనీసం 5 లక్షల మంది అని అంచనా. వాట్సాప్ లేదు, రీల్స్ లేవు. మూడు నెలల్లో 87 నుంచి 5 లక్షలు! పన్నులు కట్టం అన్నారు, ఊళ్ళకి ఊళ్ళే మేయర్లు రాజీనామా చేశారు.

అప్పటి ప్రధాని క్లెమాన్సో సైన్యాన్ని పంపాడు. జూన్ 19న నార్బోన్ మేయర్ ఫెరూల్‌ని అరెస్టు చేశారు. ఆ రోజు, మర్నాడు సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. ఆరుగురు చనిపోయారు. వాళ్ళలో 20 ఏళ్ళ ఒక అమ్మాయి కూడా ఉంది.

ఇక్కడ కథ ఇంకో మలుపు తిరిగింది. 17వ పదాతి దళంలో ఉన్న సైనికులు చాలామంది ఆ చుట్టుపక్కల పల్లెల పిల్లలే. నార్బోన్ కాల్పుల సంగతి తెలిసి సుమారు 500 మంది తిరగబడ్డారు. తుపాకులు తీసుకుని రాత్రంతా నడిచి బెజియే చేరి, ఊరి నడిబొడ్డున కూర్చున్నారు. "మా అమ్మానాన్నల మీద మేం కాల్చం" అన్నదే వాళ్ళ ఉద్దేశం. ఊరివాళ్ళు తిండి తెచ్చి పెట్టారు. తర్వాత వాళ్ళని ట్యునీషియాలో గఫ్సా అనే చోటికి పంపేశారు.

మరి అల్బేర్ ఏమయ్యాడు? పారిస్ వెళ్ళి క్లెమాన్సోని కలిశాడు. క్లెమాన్సో తిరుగు ప్రయాణానికి అని 100 ఫ్రాంకులు చేతిలో పెట్టాడు. ఆయన అమాయకంగా తీసుకున్నాడు. ఆ విషయం పత్రికల్లో వచ్చింది. అంతే, "అమ్ముడుపోయాడు" అన్నారు సొంత జనమే. ఒక్క రైలు టికెట్ డబ్బులతో ఆయన పరువు పోయింది. ఫేక్ న్యూస్ కూడా కాదు, నిజాన్నే ఇంకోలా చూపించారు. ఈ ట్రిక్ ఇప్పుడు కూడా నడుస్తూనే ఉంది కదా.

కానీ ఉద్యమం వట్టిగా పోలేదు. జూన్ 29న చట్టం వచ్చింది. ప్రతి రైతూ ఈ ఏడాది ఎంత విస్తీర్ణంలో ఎంత వైన్ తీశాడో ఊళ్ళో ప్రకటించాలి. చక్కెర మీద అదనపు పన్ను. సెప్టెంబరులో ఇంకో ఆర్డర్: తాజా ద్రాక్షని గానీ తాజా ద్రాక్ష రసాన్ని గానీ పులియబెడితే వచ్చేదే వైన్, ఇంకేదీ వైన్ కాదు. అదే నెలలో రైతులు నార్బోన్‌లో తమ సొంత సంఘం పెట్టుకుని, కల్తీ పట్టుకోడానికి సొంత మనుషుల్ని కూడా పెట్టుకున్నారు.

డెవలపర్లకి ఒక మాట: ఇదే వాళ్ళ ఫస్ట్ వ్యాలిడేషన్ రూల్. లోపలికి వెళ్ళింది ఎంతో రాసి పెట్టుకుంటే, బయటికి వచ్చింది ఎంతో సరిచూడొచ్చు. ఇది గుర్తు పెట్టుకోండి, కథలో ఇంకాసేపట్లో పనికొస్తుంది.

పేరుకి రూల్స్ ఎలా వచ్చాయి?

వైన్ అంటే ఏంటో తేలింది. మరి "ఈ ఊరి వైన్" అంటే? 1919లో చట్టం వచ్చింది గానీ, అది ఆ ఊళ్ళో పండిందా లేదా అన్నదే చూసేది. నాసిరకం ద్రాక్ష వేసి కూడా ఊరి పేరు పెట్టుకోవచ్చు.

దీనికి దారి చూపించింది లాంగ్దోక్‌కి తూర్పున, రోన్ నది అవతల ఉన్న షాతోనఫ్ దు పాప్ అనే ఊరు. అక్కడ బారన్ లెరువా అనే ఆయన ఉండేవాడు. లాయర్, మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్. 1920లలో ఆ ఊరి రైతులు ఆయన నాయకత్వంలో తమకి తామే రూల్స్ రాసుకున్నారు. ఏ నేల, ఏ రకాలు, ఎంత ఆల్కహాల్ ఉండాలి, అన్నీ. మంచి నేల ఏదో గుర్తుపట్టడానికి వాళ్ళ కొలత ఏంటో తెలుసా? లావెండర్, థైమ్ మొక్కలు మొలిచే బీడు నేల అయి ఉండాలి. మన పెద్దవాళ్ళు కలుపు మొక్కల్ని చూసి నేల గుణం చెప్పినట్టే.

1935 జులై 30న ఇదే పద్ధతి దేశం మొత్తానికి చట్టమైంది. దాని వెనక ఉన్న రాజకీయ నాయకుడు జోసెఫ్ కాపూ. దాని పేరే ఏఓసీ. తెలుగులో చెప్పాలంటే "నియంత్రిత మూల స్థాన నామం". పేరు పెద్దగా ఉంది గానీ అర్థం సింపుల్: ఈ పేరు పెట్టుకోవాలంటే ఈ చోట, ఈ రకాలు, ఈ పద్ధతి. షాతోనఫ్ దు పాప్ 1936లోనే మొదటి బ్యాచ్‌లో ఏఓసీ తెచ్చుకుంది.

మరి ఇంత పోరాడిన లాంగ్దోక్? ఎర్ర వైన్‌కి ఫితూ అనే ప్రాంతం 1948లో తెచ్చుకుంది. ఫోజేర్, సాన్ షినియాన్‌లకి 1982లో వచ్చింది. కోర్బియేర్, మినెర్వువాలకి 1985 దాకా రాలేదు. కారణం ఒకటే. ఇది చవక సరుకు ప్రాంతం అని ముద్ర పడిపోయింది. ముద్ర పడటం ఈజీ, పోవడమే కష్టం.

ఇప్పుడు మూడు మెట్లు

ఇప్పుడు అక్కడ సీసా మీద మూడు రకాల పేర్లు కనబడతాయి. యాప్ పర్మిషన్లలాగా అర్థం చేసుకోండి.

మొదటిది, విన్ ద ఫ్రాన్స్. "ఫ్రాన్స్‌లో చేసింది" అని మాత్రమే. దేశంలో ఎక్కడి ద్రాక్షనైనా కలపొచ్చు. రూల్స్ తక్కువ, కానీ ప్రాంతం పేరు వాడకూడదు.

రెండోది, ఐజీపీ. ఇక్కడ పెద్దది పేయి దోక్. ప్రాంతం పెద్దది, పదుల రకాల ద్రాక్ష వేసుకోవచ్చు. సీసా మీద ద్రాక్ష రకం పేరు రాస్తే, అందులో కనీసం 85 శాతం అదే రకం ఉండాలి. దిగుబడి హెక్టారుకి 90 హెక్టోలీటర్ల దాకా ఒప్పుకుంటారు. అంటే 9,000 లీటర్లు.

మూడోది, ఏఓసీ. యూరప్ మొత్తానికి దీన్నే ఏఓపీ అంటారు. ఇక్కడ మామూలు చెకింగ్ కాదు. ఏ సర్వే నంబరు పొలం ఇందులోకి వస్తుందో మ్యాప్ ఉంటుంది. ఎర్ర వైన్‌కి గ్రెనాష్, సిరా, మూర్వేద్ర్, కరిన్యాన్, సాన్సో లాంటి రకాలే. ఒకే రకంతో చేస్తే కుదరదు, కలపాలి. కొమ్మలు ఎలా కత్తిరించాలి, హెక్టారుకి ఎన్ని మొక్కలు ఉండాలి, అన్నీ రాసి ఉంటాయి. దిగుబడి మామూలుగా 50 హెక్టోలీటర్ల చుట్టుపక్కల. ఐజీపీలో దాదాపు సగం. పైగా చక్కెర కలపకూడదు. చలి ప్రాంతాల్లో కొన్నిచోట్ల ఒప్పుకుంటారు గానీ, ఇక్కడ ఎండే తీపి ఇస్తుంది కదా.

ఈ ఏఓసీలో కూడా లోపల గడులున్నాయి. 2007 నుంచి "లాంగ్దోక్" అనే పెద్ద పేరు నీమ్ నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా ఉంది. దాని లోపల చిన్న చిన్న పేర్లు. తెరాస్ దు లార్జాక్‌కి 2014లో, లా క్లాప్‌కి 2015లో సొంత గుర్తింపు వచ్చింది. గడి చిన్నదయ్యే కొద్దీ రూల్స్ బిగుస్తాయి, మామూలుగా ధర కూడా పెరుగుతుంది.

ఇప్పుడు మీకు డౌట్ రావాలి: ఈ రూల్స్ రాసేదెవరు? ఇదే నాకు నచ్చిన పాయింట్. మొదటి డ్రాఫ్ట్ రాసేది ఆ ఊరి రైతుల సంఘమే. ఐఎన్‌ఏఓ అనే జాతీయ సంస్థ దాన్ని పరిశీలించి ఆమోదిస్తుంది. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు రాసి రైతు మీద రుద్దింది కాదు.

రూల్ దాటిన మంచోడు, రూల్‌తో ఆడుకున్న దొంగ

రూల్స్ అంటే అన్నిసార్లూ మంచే జరుగుతుందా? లేదు. రెండు కథలు చెప్తా.

ఒకటి. ఆనియాన్ అనే ఊళ్ళో ఎమె గిబేర్ అని ఒకాయన, వృత్తికి చేతి తొడుగులు చేసే వ్యాపారి. 1970లలో అక్కడ భూమి కొన్నాడు. ఒక భూగర్భ శాస్త్రవేత్త చూసి ఈ నేల మామూలుది కాదన్నాడు. గిబేర్ కాబెర్నే సోవిన్యోన్ అనే రకం వేశాడు. అది బోర్డో ప్రాంతం రకం, ఇక్కడి ఏఓసీకి పనికిరాదు. 1978లో మొదటి వైన్ తీశాడు. మాస్ ద దొమా గస్సాక్ అనే ఆ వైన్‌కి కొన్నేళ్ళలోనే ప్రపంచ స్థాయి పేరు వచ్చింది. సీసా మీద మాత్రం "ఎరో జిల్లా వైన్" అని చిన్న గుర్తింపే. అంటే పైమెట్టు ట్యాగ్ లేకుండానే పైకి వచ్చింది. ట్యాగ్ అనేది కనీస హామీ మాత్రమే, ప్రతిభకి సర్టిఫికెట్ కాదు.

రెండు. 2000ల మధ్యలో అమెరికాలో పినో న్వార్ అనే రకానికి భలే డిమాండ్ వచ్చింది. లాంగ్దోక్ నుంచి కొందరు వ్యాపారులు, ఉత్పత్తిదారులు కలిసి, చవక రకాల వైన్‌ని పినో న్వార్ అని అమెరికాలో ఒక పెద్ద కంపెనీకి అమ్మారు. ఎంత? సుమారు 1 కోటి 80 లక్షల సీసాలకి సరిపడా! తాగినవాళ్ళెవరూ గుర్తుపట్టలేదు. పట్టింది నాలుక కాదు, లెక్క. ఆ ప్రాంతంలో పండే పినో న్వార్ కంటే అమ్మింది చాలా ఎక్కువ. ధర కూడా అనుమానం వచ్చేంత తక్కువ. 2010లో కార్కసోన్ కోర్టు 12 మందిని దోషులుగా తేల్చింది.

గుర్తుందా, "ఎంత పండిందో ప్రకటించాలి" అనే 1907 రూల్? వందేళ్ళ తర్వాత దొంగని పట్టించింది ఆ లాజిక్కే.

ఎండ మారితే రూల్ మారాలా?

ఇప్పుడు అసలు కష్టం. 2019 జూన్ 28న ఈ ప్రాంతంలో ఉష్ణోగ్రత 46 డిగ్రీలకి చేరింది. ఫ్రాన్స్ చరిత్రలో అదే రికార్డు. ఆ ఒక్క రోజుకే గార్డ్, ఎరో జిల్లాల్లో ద్రాక్ష ఆకులు, కాయలు మంట పెట్టినట్టు మాడిపోయాయి.

రూల్ పుస్తకం రాసింది పాత ఎండకి. ఏఓసీ తోటకి ఇష్టమొచ్చినట్టు నీళ్ళు పెట్టడానికి లేదు, షరతులున్నాయి. కొత్త రకం వేద్దామంటే లిస్టులో లేదు. అందుకే 2018లో ఐఎన్‌ఏఓ ఒక చిన్న కిటికీ తెరిచింది: ఎండని తట్టుకునే కొత్త రకాల్ని తోటలో 5 శాతం దాకా వేసుకోవచ్చు, వైన్‌లో 10 శాతం మించకూడదు. ప్రొడక్షన్‌లో పెట్టే ముందు టెస్టింగ్ చేసుకోమన్నట్టు. కానీ ద్రాక్ష మొక్క సరిగ్గా కాపుకి రావడానికే మూడు నాలుగేళ్ళు. మన రెండు వారాల స్ప్రింట్ కాదిది.

దీనికి తోడు ఫ్రాన్స్‌లో వైన్ తాగేవాళ్ళు తగ్గుతున్నారు. ఆరోగ్యానికి మంచిదే, కానీ రైతుకి దెబ్బ. 2024లో అక్కడి ప్రభుత్వం ఒక స్కీమ్ పెట్టింది: తోట శాశ్వతంగా పీకేస్తే హెక్టారుకి 4,000 యూరోలు. మళ్ళీ నాటే హక్కు వదులుకోవాలి. ఒకప్పుడు ఏ తోటల కోసం 5 లక్షల మంది రోడ్డెక్కారో, ఆ తోటల్లో కొన్నిటిని వాళ్ళ వారసులే యంత్రాలు పెట్టి పీకించుకుంటున్నారు.

2025 ఆగస్టులో కోర్బియేర్ కొండల్లో పెద్ద కార్చిచ్చు వచ్చింది. 16,000 హెక్టార్లకి పైగా కాలిపోయింది. అప్పుడు అందరూ ఒక మాట గమనించారు. పచ్చగా, కలుపు లేకుండా ఉన్న ద్రాక్ష తోటలు చాలాచోట్ల మంటకి అడ్డుగోడలా నిలిచాయి. తోట పీకేసి బీడుపెట్టిన చోట ఎండు గడ్డి, పొదలు. మంటకి దారి ఇచ్చినట్టే. అంటే ఆ తోట ఇచ్చేది వైన్ ఒక్కటే కాదు, ఊరికి కాపలా కూడా. దానికి ఏ సీసా మీదా లైన్ ఉండదు, ఎవరూ రేటు కట్టరు.

మళ్ళీ మా అబ్బ దగ్గరికి

మన దగ్గర కూడా చట్టం ఉంది. జీఐ చట్టం 1999లో వచ్చి, 2003 నుంచి అమల్లో ఉంది. డార్జిలింగ్ టీతో మొదలై, పోచంపల్లి ఇక్కత్, తిరుపతి లడ్డు, హైదరాబాద్ హలీమ్ దాకా వచ్చింది. బనగానపల్లి మామిడికి 2017లో వచ్చింది. బనగానపల్లి, పాణ్యం, నంద్యాల దాని మూల ప్రాంతాలుగా రాసి ఉంది. ఆ ట్యాగ్ వాడుకోవాలంటే రైతు "అధీకృత వినియోగదారు"గా నమోదు చేసుకోవాలి.

ఈ సంగతి మా అబ్బకి చెప్పాను. మూల ప్రాంతంలో పుట్టి, 50 ఏళ్ళుగా అదే కాయ పండిస్తున్న మనిషికి ఇలా నమోదు చేసుకోవచ్చని తెలీదు. ఊళ్ళో ఇంకో నలుగుర్ని అడిగాను, వాళ్ళకీ తెలీదు. తప్పు నాది కూడా. రోజూ ఫోన్‌లోనే ఉండే నాకే ఇన్నేళ్ళూ తెలీదు.

లాంగ్దోక్ నుంచి నాకు అర్థమైంది ఇది. ట్యాగ్ వస్తే పని అయిపోదు. అక్కడ రూల్ రాసింది రైతులు, లెక్క చెప్పింది రైతులు, దొంగని పట్టుకోడానికి మనుషుల్ని పెట్టుకుంది కూడా రైతులే. ఇప్పుడు ఎండ మారిందని ఆ రూల్ మార్చమని అడుగుతున్నది కూడా వాళ్ళే. ఇదంతా చేస్తున్నంత కాలమే ఆ పేరుకి విలువ. లేకపోతే అది బోర్డు మీద సున్నమే.

నమోదు ఫారం డౌన్‌లోడ్ చేశాను. మా అబ్బ పాస్‌బుక్ వెతుకుతున్నాడు. ఎంత దూరం వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో ఇంకో ఎపిసోడ్‌లో చెప్తాను, పని కాకపోయినా చెప్తాను.

మీ ఊరి పేరు మీద ఏదైనా పంట గానీ, నేత గానీ, తినేది గానీ ఉందా? దానికి ట్యాగ్ ఉందా? ఉంటే మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా నమోదయ్యారా? అడిగి కామెంట్‌లో రాయండి. లైక్ చేయకపోయినా పర్లేదు, ఆ ప్రశ్న మాత్రం ఇంట్లో అడగండి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. ఉంటానండి.